బోగ్ నేలల పుస్తకానికి ఇంగ్లీషు నుంచి ఐరిష్‌లోకి అనువాదకులు కావాలి. ఎక్కడ వెతకాలి?

పడమటి చిత్తడి | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను ఐర్లాండ్ పడమటి తీరాన గాల్వేలో ఉంటాను. ఒక చిన్న ప్రకృతి సంరక్షణ బృందంలో పని చేస్తున్నాను. చదివింది వృక్షశాస్త్రం. ఈ వేదికలో అనువాదం చేసేవాళ్ళు, ఐర్లాండ్‌లో స్థిరపడ్డవాళ్ళు ఇద్దరూ ఉన్నారని ఇక్కడ అడుగుతున్నాను.

మేము గాల్వేకు పడమటి వైపున్న కానెమారా ప్రాంతపు బోగ్ నేలల మీద 36 పేజీల చిన్న పుస్తకం ఇంగ్లీషులో తయారు చేశాం. మొత్తం దాదాపు 11 వేల మాటలు. బోగ్ అంటే తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెబుతాను. వానలు ఎక్కువ, నీరు బయటికి పోయే దారి తక్కువ ఉన్నచోట చచ్చిన నాచు, గడ్డి పూర్తిగా కుళ్ళకుండా పొరలు పొరలుగా పేరుకుపోతాయి. ఆ పొరే పీట్. ఒక మీటరు మందం పేరుకోవడానికి సుమారు వెయ్యేళ్ళు పడుతుంది. దాన్నే ఇటుకల్లా కోసి, ఎండబెట్టి, పొయ్యిలో కాల్చుకోవడం ఇక్కడి ఇళ్ళలో తరాలుగా ఉన్న అలవాటు. మా పుస్తకం రైతుల కోసం, బడిపిల్లల కోసం. పాత కాలవలు పూడ్చి నేలను మళ్ళీ తడిగా ఉంచడం, ఏ మొక్క కనిపిస్తే నేల బాగున్నట్టు, గొర్రెలను ఎంత మేపవచ్చు, ఇలాంటి విషయాలు ఉంటాయి.

ఇది చేరాల్సిన ఊళ్ళు ఐరిష్ మాట్లాడే గేల్తఖ్త్ ప్రాంతంలో ఉన్నాయి. కిందటేడు నాలుగు పేజీల కరపత్రం ఒక ఏజెన్సీకి ఇచ్చి అనువాదం చేయించాం. ఒక పెద్దాయన దాన్ని చదివి, మడిచి నా చేతిలో పెట్టి, "అమ్మా, ఇందులో మాటలన్నీ ఐరిషే, కానీ మా నేల ఒక్కచోట కూడా కనబడలేదు" అన్నాడు. ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. నాకు ఐరిష్ రాదు, తప్పొప్పులు నేను పట్టుకోలేను. పర్యావరణం, జీవావరణం తెలిసిన ఐరిష్ అనువాదకులు ఎక్కడ దొరుకుతారు? దొరికాక వాళ్ళకు ఆ పని వచ్చో రాదో ఎలా తెలుసుకోవాలి?

డబ్లిన్ మెట్లు | సోమవారం, రాత్రి 10:25

నేను ఇక్కడ ఒక ప్రభుత్వ కార్యాలయంలో ప్రచురణల పని చూస్తానండి. ఐరిష్ అనువాదాలు చేయించడం మా రోజువారీ పనిలో భాగం. నాకు తెలిసింది చెబుతాను.

మొదట చూడాల్సింది ఫోరస్ నా గేల్గె. 1999లో ఏర్పడిన సంస్థ. ఐర్లాండ్ దీవి మొత్తానికి ఐరిష్ భాష బాగోగులు చూసేది అదే. వాళ్ళు అనువాదకులకు పరీక్ష పెట్టి, నెగ్గినవాళ్ళకు గుర్తింపు ముద్ర ఇస్తారు. ఆ ముద్ర ఉన్నవాళ్ళ జాబితా వాళ్ళ వెబ్‌సైట్‌లో ఉంటుంది. ఐరిష్ వ్యాకరణం చాలా కష్టం. ముందున్న మాటను బట్టి పదం మొదటి అక్షరమే మారిపోతుంది. బాగా మాట్లాడేవాళ్ళు కూడా రాసేటప్పుడు తప్పులు చేస్తారు. అందుకే ఆ ముద్రకు విలువ. అనువాదకుల, దుబాసీల సంఘం కూడా ఒకటి 1986 నుంచి ఉంది, వాళ్ళ సభ్యుల జాబితాలో భాషను బట్టి వెతుక్కోవచ్చు.

ఒక్క విషయం మాత్రం మరిచిపోకండి. ఆ ముద్ర భాషకు సంబంధించింది. బోగ్ గురించి తెలుసని అది చెప్పదు.

మీ కౌంటీ కౌన్సిల్‌లో ఐరిష్ భాషా అధికారి, వారసత్వ అధికారి ఉంటారు. వాళ్ళిద్దరినీ అడగండి. పైగా 2012 గేల్తఖ్త్ చట్టం కింద ఆ ప్రాంతాలను 26 భాషా ప్రణాళిక ప్రాంతాలుగా విడగొట్టి, భాషా ప్రణాళిక అధికారులను పెట్టారు. మీ ఊళ్ళకు దగ్గరగా ఉండేది వాళ్ళే. ఎవరి రాత అక్కడి జనానికి ఎక్కుతుందో వాళ్ళకు తెలిసినంతగా డబ్లిన్‌లో ఎవరికీ తెలియదు.

ఇంకొకటి. మనుషులు దొరకడం ఎందుకు కష్టమో ముందే తెలిస్తే మీరు టైమ్ సరిగ్గా వేసుకుంటారు. ఐరిష్ 2007 జనవరి 1న యూరోపియన్ యూనియన్ అధికార భాష అయింది. కానీ అనువాదకులు చాలక చాలా ఏళ్ళు మినహాయింపుతో నడిచింది. 2022 జనవరి 1 నుంచి ఆ మినహాయింపు లేదు, ఇప్పుడు చట్టాలన్నీ ఐరిష్‌లోకి రావాలి. మంచి అనువాదకుల్లో చాలామంది బ్రసెల్స్, లక్సెంబర్గ్ వెళ్ళిపోయారు. ఇక్కడ ఉన్నవాళ్ళ మీద 2003 అధికార భాషల చట్టం, దానికి 2021లో వచ్చిన సవరణ తెచ్చిన ప్రభుత్వ పని ఉంటుంది. అచ్చుకు రెండు వారాల ముందు ఫోన్ చేస్తే ఎవరూ ఖాళీగా ఉండరు.

కొల్లేటి కొంగ | మంగళవారం, ఉదయం 6:15

నాది ఏలూరు దగ్గర. తెలియక అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి. ఐర్లాండ్‌లో అందరికీ ఇంగ్లీషు వచ్చు కదా. అంత డబ్బు పెట్టి ఐరిష్‌లోకి మార్చడం దేనికి? ఆ డబ్బుతో ఇంకో నాలుగు కాలవలు పూడ్చవచ్చు కదా?

పడమటి చిత్తడి | మంగళవారం, మధ్యాహ్నం 1:05

మా బృందంలోనే ఈ ప్రశ్న వచ్చిందండి, అడిగినందుకు తప్పేమీ లేదు. 2022 జనాభా లెక్కల్లో ఐరిష్ వచ్చని చెప్పినవాళ్ళు 18 లక్షల 73 వేల పైన. బడి బయట రోజూ మాట్లాడేవాళ్ళు మాత్రం 72 వేల లోపే. ఆ కొద్దిమందిలో చాలామంది ఉండేది సరిగ్గా ఈ బోగ్ నేలల మీద, ఈ రాతి తీరం వెంటే. వాళ్ళు గొర్రెల గురించి, పీట్ కోత గురించి, వాన గురించి ఇంట్లో మాట్లాడేది ఐరిష్‌లో. పీట్ కోసే సన్నటి పారకు ష్ల్యాన్ అని పేరు. ఇంగ్లీషువాళ్ళు ఆ మాటనే తీసుకున్నారు. అసలు బోగ్ అనే ఇంగ్లీషు మాటే ఐరిష్ నుంచి పోయింది. ఐరిష్‌లో బొగ్ అంటే మెత్తన.

కాలవ పూడ్చడం రైతు ఒప్పుకుంటేనే జరిగే పని. పీట్ కోత మీద ఆంక్షలు వచ్చినప్పటి నుంచి ఇక్కడ చాలా మనస్తాపాలు ఉన్నాయి. బయటివాళ్ళు వచ్చి ఇంగ్లీషులో "మీ నేలను ఇలా చూసుకోండి" అంటే వినేవాళ్ళు తక్కువ. కిందటేడు ఆ కరపత్రం పంచినప్పుడు మా కాలవల పనికి ఒప్పుకున్న కుటుంబం ఒక్కటి కూడా లేదు. తప్పంతా అనువాదానిదే అనను. కానీ ఆ పెద్దాయన ముఖం నేను చూశాను.

కొల్లేటి కొంగ | మంగళవారం, మధ్యాహ్నం 3:30

అర్థమైందండి. కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ జాబితాలో, అంటే అంతర్జాతీయ ప్రాముఖ్యత ఉన్న చిత్తడి నేలల జాబితాలో చేరింది. ఆ కాగితాల్లో భాష చూస్తే మా ఊళ్ళో చేపలు పట్టేవాళ్ళకు ఒక్క వాక్యం కూడా ఎక్కదు. "జీవవైవిధ్య పరిరక్షణార్థం" అని మొదలయ్యే నోటీసు చదివి మా మేనమామ, "ఇది మనకు రాసింది కాదురా" అని పక్కన పెట్టేశాడు. మీ పెద్దాయన అన్నదీ అదే.

పదకోశం | మంగళవారం, రాత్రి 8:50

నేను ఇంగ్లీషు నుంచి తెలుగులోకి శాస్త్ర విషయాలు అనువాదం చేస్తాను. ఐరిష్ నేర్చుకుంటూ నాలుగేళ్ళయింది, ఇంకా అనువాదం చేసే స్థాయి రాలేదు. పారిభాషిక పదాల సంగతి మాత్రం కొంత తెలుసు.

మీ అనువాదకుడికి ఎలాగూ తెలుస్తుంది, కానీ మీరు కూడా చూసుకోవడానికి పనికొస్తుంది: టేర్మా డాట్ ఐఈ. ఐరిష్ పారిభాషిక పదాల జాతీయ కోశం. డబ్లిన్ సిటీ యూనివర్సిటీవాళ్ళు ఫోరస్ నా గేల్గెతో కలిసి నడుపుతారు. పదాలను ఖాయం చేసేది పారిభాషిక సంఘం. అక్కడ బయోడైవర్సిటీకి బిహేగ్సూలఖ్త్, హ్యాబిటాట్‌కు గ్నాహోగ్, బోగ్‌కు పోర్టఖ్, బ్లాంకెట్ బోగ్‌కు బ్రత్‌ఫోర్టఖ్ అని దొరుకుతాయి. బ్రత్ అంటే కప్పుకునే గుడ్డ. కొండ మీద దుప్పటి కప్పినట్టు పరుచుకునే నేల కాబట్టి ఆ పేరు బాగా కుదిరింది.

ఎన్విరాన్‌మెంట్‌కు రెండు మాటలున్నాయి. టింపలఖ్త్ అంటే చుట్టూ ఉన్నది, మన "పరిసరాలు" లాంటిది. కోహీల్ అంటే కలిసి ఉన్న లోకం, కలిసి బతకడం. దేశపు పర్యావరణ పరిరక్షణ సంస్థ ఐరిష్ పేరులో ఉన్నది కోహీల్. మీ పుస్తకంలో ఏది ఎక్కడ వాడాలో ముందే అనుకుని ఒక చిన్న పట్టిక చేసుకోండి. లేకపోతే మూడో పేజీలో ఒకటి, ఇరవయ్యో పేజీలో ఇంకొకటి వస్తుంది.

యూరోపియన్ చట్టాల వెబ్‌సైట్‌లో ఒకే చట్టాన్ని రెండు మూడు భాషల్లో పక్కపక్కన పెట్టుకుని చదవవచ్చు. 2024 నాటి ప్రకృతి పునరుద్ధరణ చట్టం ఇంగ్లీషు ఒకవైపు, ఐరిష్ ఒకవైపు పెట్టుకుంటే నేల తడపడం, పునరుద్ధరణ లాంటి మాటలకు అధికారిక రూపాలు కనబడతాయి.

అయితే ఈ రూపాలు చట్టానికి సరిపోతాయి. రైతు చేతిలో పెట్టే పుస్తకానికి అవి ఎముకలు మాత్రమే. ఇంకో విచిత్రం ఏమిటంటే, ఈ రంగంలో కొన్ని మాటలకు అనువాదం అక్కర్లేదు, అవి ఐరిష్ నుంచే శాస్త్రంలోకి వెళ్ళాయి. వానాకాలంలో నిండి, ఎండాకాలంలో సున్నపురాతి కన్నాల్లోంచి ఇంకిపోయి పచ్చికబయలుగా మారే చెరువుల్ని ఇంగ్లీషులో టర్లో అంటారు. అది ఐరిష్ తుర్లఖ్. యూరోపియన్ ఆవాసాల ఆదేశంలో 3180 నంబరు కింద ఆ పేరుతోనే ఉంది. తీరపు ఇసుక పచ్చిక మఖర్, మంచుగడ్డలు కరిగి వదిలిన గులకరాళ్ళ గట్టు ఎస్కర్, ఇవన్నీ గేలిక్ మాటలే. ఇలాంటిచోట ఇంగ్లీషు స్పెల్లింగును మళ్ళీ ఐరిష్‌లోకి దింపేవాడు ఎవరైనా ఉంటే, అతనికి ఆ నేల తెలియదని వెంటనే తెలిసిపోతుంది.

గేల్‌స్కోల్ అమ్మ | మంగళవారం, రాత్రి 11:10

మా పిల్లలిద్దరూ గేల్‌స్కోల్‌లో, అంటే ఐరిష్ మాధ్యమం బడిలో చదువుతున్నారు. పదకోశం గారు రంగుల గురించి చెప్పలేదు, అది చేరుస్తాను. మీ పుస్తకంలో "గ్రీన్" ఎన్నిసార్లు వచ్చిందో చూడండి. ఐరిష్‌లో గడ్డి, ఆకుల పచ్చదనం గ్లస్. రంగు వేసిన పచ్చదనం, బట్టల పచ్చదనం ఊన్యా. గొర్రె బూడిదరంగు కూడా గ్లసే. మా అమ్మాయికి ఇది వెంటనే పట్టుబడింది. తెలుగులో పచ్చగడ్డీ పచ్చే, పసుపూ పచ్చే కదా అంది.

పక్షుల పేర్లు, పురుగుల పేర్లు వింటే ఈ భాష మీద ప్రేమ పుడుతుంది. గబ్బిలం ష్కీహాన్ ల్యాహర్, అంటే తోలు రెక్క. నీటికుక్క డౌర్‌ఖూ, అదీ నీటి వేటకుక్కే, మనలాగే. నల్ల చుక్కలున్న ఎర్ర పురుగు బోయిన్ జే, దేవుడి చిన్న ఆవు. జెల్లీఫిష్ పేరు స్ముగర్ల రోన్, సీల్ చీమిడి! పిల్లలకు రాసే పేజీల్లో ఈ పేర్ల అర్థాలు విడిగా చెబితే వాళ్ళు వదలరు.

ఒక హెచ్చరిక కూడా. మీకు తెలిసినవాళ్ళ పిల్లల చేత చదివించి "బాగుంది" అనిపించుకుని అచ్చుకు ఇవ్వకండి. మా బడిలో ఒక పోస్టరు విషయంలో అలాగే జరిగింది. పిల్లల ఐరిష్ చక్కగా ఉంటుంది, కానీ అది బడి ఐరిష్. కానెమారా పెద్దల ఐరిష్ వేరు. మన్‌స్టర్, కొనాఖ్త్, అల్‌స్టర్ ప్రాంతాల మూడు మాండలికాలకూ తేడాలున్నాయి, కానెమారా ఉండేది కొనాఖ్త్‌లో. రాతకు 1958లో తెచ్చిన ప్రమాణం ఒకటుంది, తర్వాత సవరించారు. మీ అనువాదకుణ్ణి ముందే అడగండి, ప్రమాణ భాషలో రాస్తూ కొనాఖ్త్ మాటలు వాడగలరా అని.

రెండో కన్ను | బుధవారం, ఉదయం 7:45

ఇరవై ఏళ్ళుగా అనువాదాలు సరిచూసే పని చేస్తున్నాను, ఇంగ్లీషు, ఫ్రెంచి, తెలుగు. ఐరిష్ నాకు రాదు. కానీ మీరు అడిగిన రెండో ప్రశ్నకు, పని వచ్చో రాదో ఎలా తెలుసుకోవాలన్నదానికి, ఏ భాషకైనా ఒకే దారి. మూడు వందల మాటల పరీక్ష పేరా ఇవ్వండి. డబ్బిచ్చి చేయించండి, ఊరికే అడగకండి. మంచివాళ్ళు ఉచిత పరీక్షలకు ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడమే న్యాయం.

ఆ పేరాలో ఉచ్చులు ఉండాలి. ఇంగ్లీషులో "స్ప్రింగ్" అంటే వసంతమూ అవుతుంది, నీటి ఊటా అవుతుంది. "ప్లాంట్" మొక్కా అవుతుంది, ఫ్యాక్టరీ యంత్రసామగ్రీ అవుతుంది. "బ్యాంక్" ఏటి గట్టు. "సీల్" సముద్ర జంతువు, ముద్ర కూడా. "టర్ఫ్" ఐర్లాండ్‌లో పీట్ ఇటుక, ఇంగ్లండ్‌లో పచ్చిక గడ్డ. ఊటనీటితో బతికే చిత్తడి గురించి ఒక వాక్యం, గొర్రెల మేత గురించి ఒకటి, కాలవ గట్టు గురించి ఒకటి పెట్టండి. వచ్చిన అనువాదాన్ని ఐరిష్ వచ్చిన జీవశాస్త్రవేత్త ఎవరికైనా చూపించండి. గాల్వే విశ్వవిద్యాలయంలో, జాతీయ ఉద్యానాల శాఖలో అలాంటివాళ్ళు ఎవరో ఒకరు ఉంటారు.

యంత్రానువాదం గురించి ఎవరూ అడగలేదు కానీ చెప్పేస్తాను. ఇప్పుడు ఐరిష్ కూడా యంత్రం చేస్తుంది, వాక్యం నున్నగా వస్తుంది. ప్రమాదం ఆ నునుపులోనే ఉంది. ఐరిష్‌లోకి వెళ్ళిన పాఠాల్లో ఎక్కువ భాగం చట్టాలు, నోటీసులు, కాబట్టి యంత్రం చేతికి మొదట వచ్చేది ఆఫీసు భాష. మీకు ఐరిష్ రాదు కాబట్టి తప్పు ఎక్కడుందో మీకు కనబడదు. కొందరు అనువాదకులు యంత్రం రాసినదాన్ని దిద్ది ఇస్తారు. అలా చేస్తే చెప్పమని ముందే అడగండి.

ఇంకొక్క మాట. అనువాదం ఒకరు, సరిచూడడం వేరొకరు చేయాలి. అనువాద సేవలకు 2015లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం 17100 కూడా అదే అడుగుతుంది. మీ బడ్జెట్‌లో రెండో మనిషి డబ్బు విడిగా రాసుకోండి. అది మిగుల్చుకుందామనుకుంటే కిందటేటి కరపత్రమే మళ్ళీ వస్తుంది.

డబ్లిన్ మెట్లు | బుధవారం, మధ్యాహ్నం 12:20

రెండో కన్ను గారి మాటకు అచ్చు వైపు నుంచి కొంచెం కలుపుతాను. ఈ తప్పులు అనువాదకుడివి కావు, డిజైన్ చేసేవాళ్ళవి. నేను చాలా చూశాను.

ఐరిష్‌లో అచ్చుల మీద పడే చిన్న గీతను ఫాద అంటారు. అది పోతే మాట మారుతుంది. ఫేర్ అంటే గడ్డి. గీత తీసేస్తే ఫ్యార్, అంటే మగమనిషి. పచ్చిక మేత గురించి రాసిన పుస్తకంలో ఆ గీతలు పోతే ఏమవుతుందో ఊహించుకోండి. మీ ఫాంట్‌లో ఆ గీతలన్నీ సరిగ్గా వస్తున్నాయో లేదో ముందే చూసుకోండి.

శీర్షికలన్నీ పెద్ద అక్షరాల్లో పెట్టే అలవాటు ఉంటే జాగ్రత్త. వ్యాకరణం కోసం ముందు చేరే అక్షరం చిన్నదిగానే ఉండాలి, దాని వెనకదే పెద్దది. డిజైనర్ ఒక్క బటన్ నొక్కి అన్నీ పెద్దవి చేస్తే తప్పయిపోతుంది. ఐరిష్ పాఠం సాధారణంగా ఇంగ్లీషు కంటే పొడుగు వస్తుంది, కాబట్టి పేజీలో ఖాళీ వదలండి. పేజీ కట్టిన తర్వాత ఒక్క మాట మార్చినా మళ్ళీ అనువాదకుడికి చూపించాలి, ఎందుకంటే పక్క మాట మొదటి అక్షరం కూడా మారవచ్చు.

మ్యాపుల్లో ఊళ్ళ పేర్లు కూడా చూడండి. 2005 నుంచి గేల్తఖ్త్‌లో ఊళ్ళ ఐరిష్ పేర్లకే చట్టంలో స్థానం. ఉదాహరణకు కానెమారాలో ఒక ఊరిని కారరో అని రాస్తే అది పాత ఇంగ్లీషు పేరు. అసలు పేరు అన్ ఖ్యాహ్రూ రూఅ, ఎర్రటి పావు భాగం అని అర్థం. లోగన్యమ్ డాట్ ఐఈలో అన్ని ఊళ్ళ పేర్లూ దొరుకుతాయి.

పడమటి చిత్తడి | పదహారు రోజుల తర్వాత, శుక్రవారం, రాత్రి 8:30

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. మీరు చెప్పినవి ఒక్కొక్కటే చేస్తున్నాను. ఇప్పటిదాకా ఏమైందో రాస్తాను.

జాబితాలో తొమ్మిది మందికి మెయిల్ పెట్టాను. నలుగురు జవాబిచ్చారు. ఒకరు యూరోపియన్ పనితో వచ్చే వేసవి దాకా ఖాళీ లేదన్నారు, కానీ మర్యాదగా ఇంకొకరి పేరు చెప్పారు. ముగ్గురికి డబ్బిచ్చి పరీక్ష పేరా ఇచ్చాను. రెండో కన్ను గారు చెప్పినట్టే ఊట, గట్టు, మేత అన్నీ అందులో పెట్టాను. భాషా ప్రణాళిక అధికారి చెప్పిన ఒక రిటైర్డ్ టీచరమ్మ, మా బృందానికి తెలిసిన ఒక పక్షిశాస్త్రవేత్త కలిసి కూర్చుని చదివారు.

మొదటి అనువాదంలో ఒక్క వ్యాకరణ దోషం లేదట. కానీ నీటి ఊట వసంత రుతువు అయిపోయింది! రెండోదానిలో మాటలన్నీ సరైనవే, కానీ చదువుతుంటే కోర్టు కాగితంలా ఉందన్నారు. మూడో ఆవిడ అనువాదం పంపకముందే నాకు ఏడు ప్రశ్నలు పంపింది. మీ కాలవ ఎంత వెడల్పు? పీట్ కోసిన గోతిలో నిలిచిన నీరా, లేక సహజమైన గుంటా? గొర్రెలు ఏడాదంతా ఉంటాయా, ఎండాకాలమేనా? "బోగ్ పూల్" అని మీరు రాసింది ఏ ఊరి వైపు? ఆ ప్రశ్నలు చూడగానే నాకు నిర్ణయం అయిపోయింది. ఆవిడ కానెమారాలోనే కార్నా అనే ఊరి వైపు పుట్టిపెరిగింది, చిన్నప్పుడు పీట్ ఆరబెట్టడానికి నాన్నతో వెళ్ళేదట. గుర్తింపు ముద్ర కూడా ఉంది. రేటు మిగతా ఇద్దరి కంటే ఎక్కువ. మా బృందాన్ని ఒప్పించడానికి ఒక సాయంత్రం పట్టింది, పేజీలు 36 నుంచి 28కి తగ్గించి సర్దుకున్నాం. తగ్గించిన ఎనిమిది పేజీలు ఎలాగూ ఎవరూ చదవని నిబంధనలే.

ఇప్పుడు ఇంకో ప్రశ్న. కొన్ని చిన్న మొక్కలకు కోశంలో ఒక పేరు ఉంది, ఊళ్ళో ఇంకో పేరు ఉంది. ఏది వాడాలి?

పదకోశం | శుక్రవారం, రాత్రి 9:35

రెండూ వాడండి, పక్కన లాటిన్ పేరు పెట్టండి. పాఠంలో ఊరి పేరు, చివర పట్టికలో కోశం పేరు. పురుగుల్ని తినే చిన్న మొక్క ఉంది కదా, సన్‌డ్యూ, దానికి ద్రూఖ్తీన్ మోనా అని ఉంది, అంటే పీట్ నేల మీది చిన్న మంచుబిందువు. బోగ్ కాటన్‌కు క్యాన్‌వాన్, తెల్లతల. ఇవి కోశంలోనూ ఉన్నాయి, జనం నోట్లోనూ ఉన్నాయి. తేడా ఉన్నచోట మాత్రం జనం మాట వైపు ఉండండి.

దూఖస్ డాట్ ఐఈ కూడా చూడండి. 1937 నుంచి 1939 దాకా బడిపిల్లలు ఇంట్లో పెద్దల దగ్గర విని రాసుకొచ్చిన కథలు, వైద్యాలు, మొక్కల పేర్లు, వాన గుర్తులు అందులో ఉన్నాయి. ఆ పిల్లల చేతిరాత పేజీలే తెరమీద కనబడతాయి. మీ ప్రాంతపు బడి పేరుతో వెతికితే మీ పుస్తకం చదవబోయే ఇంటి తాతమ్మ రాసిన పేజీ దొరకవచ్చు.

కొల్లేటి కొంగ | శనివారం, ఉదయం 6:40

అనువాదకురాలు ఒక్కరితో సరిపెట్టకండి. ఊళ్ళోవాళ్ళను కూర్చోబెట్టి వినిపించండి. మా దగ్గర చిత్తడి నేల అని కాగితాల్లో రాస్తారు, కాలు పెడితే కిందికి లాగే నేలను మాత్రం జనం ఊబి అంటారు. ఊబి అన్నప్పుడే భయం తెలుస్తుంది. చిత్తడి అంటే ఎవరూ జాగ్రత్తపడరు.

పడమటి చిత్తడి | ఆరు వారాల తర్వాత, ఆదివారం, రాత్రి 10:15

కొల్లేటి కొంగ గారూ, మీ మాట మీదే మొన్న ఊరి హాల్లో సాయంత్రం టీ పెట్టి, అనువాదకురాలి చేత మూడు అధ్యాయాలు పైకి చదివించాం. ఇరవై మంది దాకా వచ్చారు. కరపత్రం మడిచి ఇచ్చిన పెద్దాయన కూడా వచ్చాడు, వెనక వరసలో కూర్చున్నాడు.

భద్రత గురించిన పేజీలో, నీళ్ళ మీద నాచు పొర తేలుతూ అడుగు వేస్తే ఊగే నేల గురించి రాశాం. ఇంగ్లీషులో "క్వేకింగ్" అని ఉంది. అనువాదకురాలు కోశం ప్రకారమే రాసింది. అది చదవగానే పెద్దాయన లేచి, "దాన్ని మేము స్క్రాహ్ గ్లుగర్ అంటాం" అన్నాడు. స్క్రాహ్ అంటే గడ్డి పెళ్ళ. గ్లుగర్ అంటే కింద నీళ్ళు గుడగుడలాడే చప్పుడు. హాల్లో అందరూ అవునవునన్నారు. అనువాదకురాలు అక్కడే పెన్నుతో దిద్దింది, తనకూ ఆ మాట తెలుసట, పుస్తకంలో రాయవచ్చని అనుకోలేదట. తర్వాత ఇంకొకావిడ గుంటలు గుంటలుగా, తుప్పలతో ఉన్న బోగ్ నేలను క్రీహ్‌రఖ్ అంటారని చెప్పింది. క్రీహర్ అంటే జల్లెడ. నేల జల్లెడలా కన్నాలతో ఉంటుందన్నమాట. ఆ రాత్రి మొత్తం పదకొండు మాటలు మారాయి.

టీచరమ్మ ఆ మాటల స్పెల్లింగు సరిచూసింది. పక్షిశాస్త్రవేత్త లాటిన్ పేర్లు చూశాడు. డిజైనర్‌కు డబ్లిన్ మెట్లు గారి మెసేజ్‌ను ఇంగ్లీషులో రాసి పంపాను, ఫాదలన్నీ ఒక్కొక్కటీ చూసింది. మ్యాపులో ఊళ్ళ పేర్లు నాలుగు మార్చాం.

పెద్దాయన వెళ్ళేటప్పుడు తన పొలంలో పాత కాలవ ఒకటి ఉందని, వచ్చి చూడమని చెప్పాడు. పూడ్చడానికి ఒప్పుకున్నట్టు కాదు. చూడమన్నాడు, అంతే. గురువారం వెళ్తున్నాను, అనువాదకురాలు కూడా వస్తానంది. పుస్తకం సోమవారం ప్రెస్‌కు వెళ్తుంది. వచ్చాక ఫోటోలు పెడతాను.

గేల్‌స్కోల్ అమ్మ | ఆదివారం, రాత్రి 10:50

మా బడికి రెండు కాపీలు కావాలండి. డబ్బు పంపిస్తాను. స్క్రాహ్ గ్లుగర్ అని మా అమ్మాయి ఇప్పటికే ఇల్లంతా అంటూ తిరుగుతోంది.